మహానటి సావిత్రి

కృష్ణానదికి దక్షిణపు గట్టున, విజయవాడ పట్టణమునకు ఆవలి వైపున, గుంటూరు జిల్లాలో చిర్రావూరు అను పల్లె కలదు. 1930 దాటిన పిమ్మట ఆ దశాబ్దపు నడిమి సంవత్సరములలో ఆ పల్లెయందు నిశ్శంకర గురవయ్య, సుభద్రమ్మ అను దంపతులకు రెండవ ఆడుబిడ్డ కలిగెను. మొదటి బిడ్డ పేరు మారుతి. రెండవ బిడ్డకు సావిత్రి యని పేరు పెట్టిరి. పురాణములోని సావిత్రి యమధర్మరాజు వెంటనంటి నడచి, వాదించి, పోయిన ప్రాణమును మరలించుకొనెను. ఈ సావిత్రి పుట్టిన ఆరు మాసములకే మృత్యువు వచ్చి ఆ యింటి యజమానుని కొనిపోయెను. వాదించుటకు మాటలైనను రాని వయసు. తండ్రి ముఖ మెట్లుండెనో జ్ఞాపకము చేసికొనుటకును వీలు లేని వయసు.

ఆ కాలమున ఇద్దరాడుపిల్లలతో విధవయైన స్త్రీ స్థితి యెట్టిదో మన పెద్దలకు వేరుగా చెప్పవలసిన పని లేదు. ఆస్తిలో ఆడుబిడ్డకు భాగమిచ్చిన హిందూ వారసత్వ చట్టము 1956లో గాని రాలేదు. అంతవరకు మగదిక్కు లేని యింటికి ఆధారము దగ్గరి చుట్టముల దయయే. సుభద్రమ్మ తన పిల్లలిద్దరిని వెంటబెట్టుకొని విజయవాడలోని అక్కగారి యింట చేరెను. అక్కగారి పేరు దుర్గాంబ. ఆమె భర్త కొమ్మారెడ్డి వెంకట్రామయ్యగారు. ఆయన వారిని తన యింటనే ఉంచుకొని పోషించెను. సావిత్రికి తండ్రి యన్నను, పెద్ద యన్నను, తరువాతి కాలమున తన వ్యవహారములను చక్కబెట్టువా డన్నను ఆ పెదనాన్నగారే.

పెట్టు చేయి మంచిదే కావచ్చును. అయినను ఒకరి యింట పెరుగు పిల్లకు తన యింట పెరుగు పిల్లకు లేని జాగ్రత్త యొకటి అలవడును. ఎవరి ముఖము ఎప్పుడు ప్రసన్నముగా నున్నదో, ఎప్పుడు ముడుచుకొన్నదో ఆ పిల్ల మాట వినకముందే కనిపెట్టును. సావిత్రి కన్నులు అంతగా మాటలాడుటకు కారణ మేమని విమర్శకులు ఎన్నియో వ్రాసిరి. ఈ వ్యాసకర్త కేమో, ఆ విద్యకు ఓనమాలు విజయవాడలోని ఆ పెద్దమ్మ యింటనే పడియుండు ననిపించును.

విజయవాడ ఆనాడు సామాన్యమైన పట్టణము కాదు. 1911లో రామమోహన గ్రంథాలయము వెలసిన చోటు అదియే. 1914 ఏప్రిల్ 10వ తేదీన అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతుల పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగినదియు అచ్చటనే. కనుక పల్లెటూళ్ళలోని మన వంటి గ్రంథాలయములకు ఆ యూరు పుట్టినిల్లు వంటిది. పుస్తకములకు వలెనే నాటకములకును ఆ యూరు పెట్టినది పేరు. హార్మోనియము మ్రోగని వీథి, నాటక సమాజము లేని పేట అచ్చట అరుదుగా నుండెను.

అట్టి యూరిలో చిన్నారి సావిత్రి శిష్ట్లా పూర్ణయ్యశాస్త్రిగారి కడ సంగీతమును, నృత్యమును అభ్యసించెను. ఆడుపిల్ల కాలికి గజ్జె కట్టుట గౌరవమైన కుటుంబములలో ఇంకను వింతగా చూడబడుచున్న రోజు లవి. నాటకములలో స్త్రీ పాత్రలను మగవారే ధరించు సంప్రదాయము తగ్గుముఖము పట్టినను పోలేదు. స్థానం నరసింహారావుగారి సత్యభామను చూచి మురిసిన ప్రేక్షకులకు నిజమైన ఆడుపిల్ల వేదికమీదికి వచ్చుట కొంత వెరగుగాను, కొంత వెక్కిరింతగాను ఉండెను. వెంకట్రామయ్యగారు ఆ మాటలను లక్ష్యపెట్టలేదు. పిల్లలో వెలుగున్నదని ఆయన గ్రహించెను. దానిని పదిమందికి చూపవలెనని పట్టుబట్టెను. ఆ పట్టుదలలో ప్రేమ యెంత, ఆశ యెంత యని తరువాతివారు తర్కించిరి. పసిపిల్ల సంపాదనమీద ఇంటి బరువు పడుట మంచిది కాదని నేటివారమైన మన మందుము. కాని ఆయన పూనిక లేకున్నచో ఆ పిల్ల పెరటి గోడ దాటి యుండెడిది కాదనుటయు సత్యమే.

కొంగర జగ్గయ్యగారి నాటక సమాజముతో కలిసి సావిత్రి కొన్ని నాటకములలో పాల్గొనెను. ఈ జగ్గయ్యగారే తరువాత వెండితెరపై కంచు కంఠమునకు ప్రసిద్ధుడైనవాడు, లోకసభ సభ్యుడైనవాడు. పిదప ఆమె వారే నవభారత నాట్యమండలి యను పేర ఒక సమాజమును నెలకొల్పి బుచ్చిబాబుగారి ఆత్మవంచన నాటకమును ప్రదర్శించిరి. సుమారు 13 ఏండ్ల ప్రాయమున కాకినాడలో ఆంధ్ర నాటక పరిషత్తువారి పోటీలయందు పాల్గొని, ఉత్తరాదినుండి వచ్చిన మహానటుడు పృథ్వీరాజ్ కపూర్ చేతులమీదుగా బహుమానము నందుకొనెను. ఆ పిల్లను మదరాసునకు కొనిపోవలెనన్న సంకల్పము ఆ యింటివారికి దీనితో గట్టిపడెను.

మదరాసు ఆమెను చేతులు చాచి పిలువలేదు. మొదట దొరకినదను కొన్న వేషము వయసు చాలదన్న కారణముచే చేజారెను. పిమ్మట సాధనావారి సంసారము చిత్రమునందు అవకాశము వచ్చెను. దర్శకులు ఎల్.వి. ప్రసాద్‌గారు. ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు కలిసి నటించిన చిత్రమది. నాగేశ్వరరావుగారి చిత్రములను ఆ పిల్ల అంతకుముందే చూచి యాయనపై అభిమానము పెంచుకొనియుండెను. తీరా దీపముల వెలుగులో ఆయన యెదుట నిలువవలసివచ్చు నప్పటికి సిగ్గు ముంచుకొని వచ్చి, కంఠస్థమైన సంభాషణ నోట పెగలలేదు. మరల ప్రయత్నించిరి, మరల అంతియే. ఆ పాత్రను వేరొకరికిచ్చి, ఈమెను రెప్పపాటులో కనిపించి మరుగగు చిన్న వేషమునకు పరిమితము చేసిరి. 1950 డిసెంబరు చివర విడుదలయిన ఆ చిత్రములో సావిత్రిని గుర్తింప వలెనన్నచో కన్నులు పత్తికాయలు చేసికొని చూడవలెను.

దర్శకుని కాఠిన్యమని దీనిని తలంపరాదు. ఆనాడు ముడి ఫిల్ము విదేశములనుండి రావలెను. మన దేశమున దానిని తయారు చేయుటకు ఉదకమండలములో కర్మాగారమును స్థాపించుట 1960లో గాని జరుగలేదు. తప్పిపోయిన ప్రతి ‘షాటు’నకు అడుగులకొలది ఫిల్ము వృథా, స్టూడియో బాడుగ, దీపముల ఖర్చు, పెద్ద నటుల కాలము దానికి తోడు. కొత్త పిల్ల తత్తరపాటు తీరువరకు ఆగుటకు ఏ నిర్మాతకును శక్తి చాలెడిది కాదు. అది తెలిసినను ఆ పిల్ల మనస్సున కేమి తోచియుండును? ఊరిలో బహుమానములు, ఇంటివారి ఆశలు, ఇరుగుపొరుగువారి పరిహాసములు అన్నియు మూటగట్టుకొని వచ్చినది. వట్టి చేతులతో వెనుకకు పోవుటకు ఆ యింటిలో చోటు లేదు.

వారు వెనుకకు పోలేదు. దొరకిన చిన్న వేషములన్నియు వేసిరి. 1951లో పాతాళభైరవి వచ్చినప్పుడు అందులో ఒక నృత్య సన్నివేశమున సావిత్రి కనిపించెను. ఆ చిత్రమును తీసినవారు విజయా సంస్థవారు. దర్శకులైన కె.వి. రెడ్డిగారు మన తాడిపత్రి ప్రాంతమువారు. నిర్మాతలలో నాగిరెడ్డిగారు కడప జిల్లా పొట్టిపాడువారు. రెండవ నిర్మాత చక్రపాణిగారు తెనాలివారైనను వారి యింటి పేరు ఆలూరివారు! మన యూరికిని వారికిని సంబంధమున్నదని చెప్పుట లేదు. పేరు కలిసినందుకు ముచ్చటపడుటలో తప్పు లేదు కదా.

1952లో విజయావారి పెళ్ళిచేసి చూడు చిత్రమున సావిత్రికి రెండవ కథానాయిక పాత్ర లభించెను. దర్శకులు మరల ఎల్.వి. ప్రసాద్‌గారే. రెండేండ్లకు మునుపు ఏ మనిషి యెదుట నోరు పెగలక వేషము పోగొట్టుకొన్నదో ఆ మనిషి యెదుటనే ఈ పర్యాయము ఆమె చలాకీగా నిలిచెను. చిత్రము బాగుగా నడచెను. పాత్ర చిన్నదైనను ఆ పిల్ల యెవరని ప్రేక్షకులు అడుగ నారంభించిరి.

మరుసటి యేడు దేవదాసు వచ్చెను. శరత్‌చంద్రుని నవలను మన చందాదారులు అట్టలూడిపోవునంతగా చదివియుందురు గనుక కథను చెప్పనక్కరలేదు. తెలుగు చిత్రమును వేదాంతం రాఘవయ్యగారు తీసిరి. 1953 జూన్ 26న విడుదలయ్యెను. పార్వతి పాత్రమున సావిత్రి నటించెను. చింతతోపులో పరుగెత్తు బాలిక స్వభావము, ప్రేమించినవానిని అర్ధరాత్రి వెదకుకొని పోవు సాహసము, పెద్ద పిల్లలున్న వయసు మళ్ళిన జమీందారు ఇంట ఇల్లాలిగా నడుగు పెట్టు గాంభీర్యము, ఇవన్నియు ఇరువదేండ్లు నిండని యా పిల్ల ముఖమున ఒకదాని వెనుక ఒకటి పలికెను. సంసారములో తన నోరు కట్టివేసిన నాగేశ్వరరావుగారే ఇందు దేవదాసు. ఈ మారు ఆమె కన్నులు కట్టువడలేదు. ఆ యేడే అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మవతరించుట, అంతవరకు బళ్ళారి జిల్లాలోనున్న మన ఆలూరు, ఆదవాని తాలూకాలు ఆంధ్రములో చేరుట జరిగెను. రాష్ట్రముతో పాటే తెలుగువారికి గొప్ప నటి యొకతె లభించినదని అన్నచో అతిశయోక్తి కాదు.

1955వ సంవత్సరమున మిస్సమ్మ వచ్చెను. ఇది ఆమె జీవితములో మలుపు. ఇది నడచిన తీరు కొంత విపులముగా చెప్పదగినది. విజయావారు మొదట కథానాయికగా భానుమతిగారిని పెట్టుకొని కొన్ని రీళ్ళు తీసిరి. సావిత్రికి చెల్లెలి వంటి రెండవ పాత్ర నిర్ణయించిరి. భానుమతిగారికిని చక్రపాణిగారికిని పొసగలేదు. ఇద్దరును తలవంచు స్వభావము కలవారు కారు. తీసినదంతయు ప్రక్కనబెట్టి, రెండవ పాత్రనుండి సావిత్రిని తెచ్చి మొదటి పాత్రలో నిలిపిరి. ఆమె స్థానమునకు జమునగారు వచ్చిరి. మూడవ పర్యాయమును దర్శకులు ఎల్.వి. ప్రసాద్‌గారే యగుట చదువరులు గమనింతురు గాక.

పాత్ర చూడ సులభముగా నున్నను కష్టమైనది. బి.ఏ. చదివిన క్రైస్తవ యువతి మేరీ, ఉద్యోగము కొరకు పరిచయము లేని హిందూ యువకునితో భార్యాభర్తలమని చెప్పి జమీందారుగారి బడిలో పంతులమ్మగా చేరును. కోపము, ఆత్మాభిమానము, అనుమానము, తనకే తెలియకుండ కలుగు అనురాగము, ఇన్నింటిని నవ్వు పుట్టునట్లు చూపవలెను. కాని తాను నవ్వరాదు. కోపగించుకొన్న ముఖముతో తెలుగువారి నందరిని అంతగా నవ్వించిన నటి మరియొకతె లేదు. ఇంకొక విశేషము కలదు. చిన్ననాడు తల్లిదండ్రులకు దూరమై మరియొకరి యింట పెరిగిన పిల్ల మేరీ. చిత్రము చివర ఆమెకు కన్నవారు దొరకుదురు. ఆ దృశ్యమును తీయునప్పుడు చిర్రావూరి పిల్లకు తన తండ్రి జ్ఞప్తికి వచ్చెనో లేదో మనకు తెలియదు. చూచువారికి మాత్రము అది వట్టి నటనగా తోచదు.

అదే యేట అర్ధాంగి వచ్చెను. వంగభాషలోని స్వయంసిద్ధ నవలను మద్దిపట్ల సూరిగారు తెనిగింపగా పి. పుల్లయ్యగారు చిత్రముగా మలచిరి. మందబుద్ధియైన భర్తను తల్లివలె దిద్ది మనిషిని చేయు ఇల్లాలి పాత్ర యది. పుస్తకముల బీరువాలనుండి తెరమీదికి నడచివచ్చిన నాయికలు ఇందరు వేరొక నటికి దొరకలేదేమో! 1957లో వచ్చిన తోడికోడళ్ళు కూడ శరత్‌బాబు కథయే.

1957 మార్చి 27న విడుదలయిన మాయాబజారు సంగతి చెప్పక విడుచుట సాధ్యము కాదు. కె.వి. రెడ్డిగారి దర్శకత్వము, పింగళి నాగేంద్రరావుగారి రచన, మార్కస్ బార్‌ట్లే ఛాయాగ్రహణము. అందు శశిరేఖ ఇద్దరు. ఒకతె బలరాముని కుమార్తె. రెండవది ఆమె రూపు దాల్చిన ఘటోత్కచుడు. ఘటోత్కచుడుగా వేషము వేసినవారు ఎస్.వి. రంగారావుగారు. ఆ భారీ విగ్రహము, ఆ నడక, ఆ మీసము మెలివేయు రీతి, ఇవి పదునారేండ్ల కన్యక దేహమున కనిపింపవలెను. మరుక్షణమున ఎవరైన చూచుచున్నారని తెలిసి సిగ్గుపడవలెను. ఆ సిగ్గు నిజమైన శశిరేఖ సిగ్గు కాదని ప్రేక్షకునికి మాత్రము తెలియవలెను. సావిత్రి దానిని పిల్లలాటవలె చేసివేసెను. గుడారపు టాకీసులలో నేలపై కూర్చుండి చూచిన రైతులు, కూలీలు, ఆడువారు పగలబడి నవ్విన ఘట్ట మది. రంగారావుగారి నడకను ఆమె యెంత నిశితముగా పరికించెనో ఆ ఘట్టమును మరల మరల చూచినగాని తెలియదు. ఎదుటివారిని చదువు విద్య చిన్ననాడే వచ్చినదని పైన చెప్పితిని.

తరువాతి ఏడెనిమిది సంవత్సరములు ఆమెవే. మాంగల్యబలము, చివరకు మిగిలేది, కలసియుంటే కలదు సుఖము, గుండమ్మ కథ, రక్తసంబంధము, నర్తనశాల, మూగమనసులు, డాక్టర్ చక్రవర్తి, ఇట్లు వరుసగా చెప్పుచు పోయినచో ఈ సంచిక చాలదు. చివరకు మిగిలేదిలో మనోరోగులకు సేవచేయుచు తానే మతి చలించిన నర్సు పాత్రము, నర్తనశాలలో సైరంధ్రియైన ద్రౌపది ఈ వ్యాసకర్త లెక్కలో మొదటి వరుసలోనివి. తమిళము నేర్చి ఆ నాటను ఈ నాట వలెనే నిలిచెను. 1961లో శివాజీ గణేశన్‌కు చెల్లెలిగా పాశమలర్ చిత్రమున నటించినప్పుడు తమిళులు కంట తడిపెట్టని యూరు లేదందురు. వారు నడిగైయర్ తిలగమని బిరుదిచ్చిరి. మనవారు మహానటి యనిరి. తండ్రి లేక పెద్దమ్మ యింట చేరిన పిల్ల పాతికేండ్లు వచ్చునప్పటికి రెండు భాషలవారికి ఇంటి ఆడుపడుచయ్యెను.

ఆమె గృహజీవితమును గూర్చి లోకము కావలసినదానికంటె ఎక్కువ చెప్పుకొన్నది. అంతకుముందే వివాహితుడైన తమిళ నటుడు జెమినీ గణేశన్‌ను 1952లో పెండ్లాడెను. పెదనాన్నగారి కది సమ్మతము కాలేదు. కొన్నేండ్లు ఆ విషయము గుప్తముగా నుండెను. ఒక కుమార్తె, ఒక కుమారుడు కలిగిరి. తరువాత దంపతులు వేరైరి. అంతకు మించి తవ్వుట ఈ సంచికకు తగదు.

చేతికి ఎముక లేని మనిషి యని అందరు నొప్పుకొందురు. 1965లో పాకిస్తానుతో యుద్ధము వచ్చినప్పుడు ప్రధానమంత్రి లాల్ బహదూర్ శాస్త్రిగారి పిలుపు విని తన నగలను రక్షణనిధి కర్పించెను. అడిగినవారికి లేదనుట ఆమె యెరుగదు. ఎవరు నిజముగా నడుగుచున్నారో, ఎవరు నటించుచున్నారో ఎదుటి ముఖములను చదువగల ఆమెకు తెలియలేదా యన్న సందేహము కలుగును. తెలిసియే ఇచ్చెనని మా నమ్మకము. చిన్ననాడు ఒకరి చేతి క్రింద తిన్నవారికి చేయి ముడుచుట కష్టము.

1968లో చిన్నారి పాపలు చిత్రముతో దర్శకురాలయ్యెను. ఎక్కువగా స్త్రీలే కలిసి తీసిన చిత్రమది. మిస్సమ్మలో ఆమెకు గొంతు నిచ్చిన పి. లీలగారు దానికి సంగీతము కూర్చిరి. ఆనాటికి తెలుగుదేశమున అది సాహసము. ప్రశంస వచ్చెను, పైకము రాలేదు. మరుసటి యేడు మాతృదేవత తీసెను. మూగమనసులను ప్రాప్తమను పేర తమిళమున తీసి 1971లో విడుదల చేయగా పెట్టినది మునిగెను. ఇల్లు, పొలము, పన్నుల బాకీలు, మద్యపు అలవాటు, మధుమేహము ఒకదానినొకటి తరుముకొని వచ్చెను. ఒకనాడు తన కొరకు కథలు వ్రాయించుకొన్న నిర్మాతల చిత్రములలో తల్లి వేషములు వేసి పొట్టపోసికొనవలసి వచ్చెను. 1979 నాటి గోరింటాకులో ఆమెను చూచినవారు చిక్కిన ఆ ముఖమున కన్నులు మాత్రము పాతవే యని గుర్తింతురు.

సావిత్రి పేరెత్తినంతనే ఈ కడపటి భాగమునే రుచిచూపించు వక్తలు మన యూళ్ళలో పెక్కండ్రు కలరు. అది వారి యిష్టము. కాని సంసారములో నోరు పెగలని పిల్ల మిస్సమ్మ వరకు నడచిన అయిదేండ్ల త్రోవ చెప్పక, పడిన త్రోవ మాత్రమే చెప్పుట సగము పుస్తకము చదివి తిరిగి యిచ్చినట్లుండును.

1980 మే మాసమున బెంగుళూరులో ఆమె స్పృహ కోల్పోయెను. పందొమ్మిది మాసములు ఆ స్థితిలోనే యుండి 1981 డిసెంబరు 26వ తేదీన మదరాసులో కన్నుమూసెను. ఏబది యేండ్లు నిండలేదు. 2010 జనవరిలో మాయాబజారునకు రంగులద్ది మరల విడుదల చేసిరి. అప్పటికి ఆ చిత్రము వచ్చి 52 ఏండ్లు దాటినది. నటీనటులలో పెక్కండ్రు లేరు. నలుపు తెలుపులలో తాతలు చూచిన శశిరేఖను మనుమలు రంగులలో చూచిరి. మాయాశశిరేఖ మీసమున్నదనుకొని పెదవి పైకి చేయి పోనిచ్చినప్పుడు వారును నవ్విరి.